జింక్ కడియాలకు రంగు వేసిన తప్పు మాదే

గోపాలపూర్, ఆర్యపల్లి, సోనాపూర్ బోట్ల వాళ్లందరికీ నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో మా వర్క్‌షాపులో పని చేయించుకున్న బోట్లలో నాలుగు మళ్లీ మా దగ్గరికే వచ్చాయి. బోటును నడిపే పంకా (ప్రొపెల్లర్) రెక్కల అంచులు గుంటలు పడిపోయాయి. ఉప్పునీళ్లు కదా అని చెప్పి పంపేయొచ్చు. కానీ తప్పు మాది. బోటు అడుగుకు రంగు వేస్తూ, పంకాను తిప్పే షాఫ్ట్ మీది జింక్ కడియాలకు కూడా వేసేశాం. నిషేధం అయిపోతోందన్న తొందరలో నేను సరిచూడలేదు.

జింక్ ఉన్నదే అరిగిపోవడానికి. స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్ట్, ఇత్తడి పంకా ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీళ్లలో ఉంటే బ్యాటరీలో లాగే కరెంటు పుడుతుంది. రెండింటిలో ఇత్తడి తినేయబడుతుంది. పక్కన జింక్ ఉంటే ముందు అది కరిగి పంకాను కాపాడుతుంది. రంగు కప్పేస్తే దానికి నీళ్లు తగలవు, దెబ్బంతా పంకాకే. ఆగస్టులో ఒకాయన ఫోన్ చేసి, "జింక్ ఇంకా కొత్తదానిలాగే ఉంది, మంచి సరుకు ఇచ్చావు బాబూ" అన్నారు. ఆ రోజే వెళ్లి చూడాల్సింది. వెళ్లలేదు. అందుకు చాలా బాధగా ఉంది.

మీ కడియం అసలు అరగలేదంటే సంతోషించకండి, వెంటనే చూపించండి. సగం అరిగితే మార్చేయాలి. పంకా మీద గులాబీ, రాగి రంగు మచ్చలు కనిపిస్తే ఇత్తడిలోని జింక్ పోయి ఒట్టి రాగి మిగిలిందని అర్థం. చిన్న సుత్తితో మెల్లగా కొట్టి చూడండి. బాగున్న పంకా గంటలా మోగుతుంది, పాడైనది మొద్దుగా పలుకుతుంది. అలాంటిదాన్ని వెల్డింగ్ చేయమని అడగొద్దు, నడిసముద్రంలో రెక్క ఊడుతుంది. ఎంత డబ్బిచ్చినా నేను చేయను.

బాహుదా నది సముద్రంలో కలిసే మొగలో కట్టే బోట్లకు ఇంకో మాట. వానాకాలంలో అక్కడ మంచినీళ్లు ఎక్కువై జింక్ మీద తెల్లటి పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. వైరు బ్రష్షుతో గీకాలి. అక్కడికి అల్యూమినియం కడియాలే మేలు, ఇకపై అవే తెప్పిస్తున్నాం.

మేం రంగు వేసిన కడియాలన్నీ ఉచితంగా మారుస్తాం, కూలీ కూడా తీసుకోం. పాడైన పంకాకు సగం ఖర్చు మాది. మొత్తం భరించాలనే ఉంది, ఈ ఏడు అంత శక్తి లేదు. బోటు ఒడ్డుకు లాగిన రోజు ఒక ఫోన్ చేయండి చాలు, బ్రష్షు, కొత్త కడియం పట్టుకుని మేమే వస్తాం.