గాలి మీటరుకు ముద్ర ఎవరు వేస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

గాలిలోని కాలుష్యాన్ని కొలిచే, చేతిలో ఇమిడే గాలి మీటర్ల గురించి గత వారం మీ నగర పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి రాయాలనే అనుకుంటున్నాను. కాలనీ సంఘాలు, స్కూళ్ళు వాటిని కొంటున్నాయనీ, ఇక ఎవరి వీధి గాలిని వాళ్ళే కొలుచుకోవచ్చనీ రాశారు. ధర వేశారు, ఫొటో వేశారు, యాప్ ఎలా పెట్టుకోవాలో కూడా చెప్పారు. ఆ మీటరు చూపించే అంకె నిజమేనా, దాన్ని ఎవరైనా ల్యాబ్‌లో పరీక్షించారా అన్న మాట మాత్రం వార్త మొత్తంలో ఎక్కడా లేదు. అసలు అడగాల్సింది అదే కదా?

నేను ఈ మీటర్లకు వ్యతిరేకిని కాదు. మన హైదరాబాద్‌లో, చుట్టుపక్కల గాలిని కొలిచే ప్రభుత్వ స్టేషన్లు సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, బొల్లారం, పాశమైలారం, నాచారం, కొత్త మలక్‌పేట... ఇలా కొన్ని చోట్లే ఉన్నాయి. వాటిలో వాడే యంత్రాలు లక్షల ఖరీదు, వీధికొకటి పెట్టలేరు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో పొగ పీలుస్తూ నిలబడ్డ మనిషికి సనత్‌నగర్ అంకె చెబితే ఏం లాభం? అందుకే కొన్ని వేలల్లో దొరికే మీటరు కావాలి. అవసరమైన వస్తువు కాబట్టే అది సరిగ్గా ఉండాలని అడుగుతున్నాను.

ఈ మీటరు లోపల ఉండేది ఒక బుల్లి ఫ్యాను, ఒక లేజరు, వెలుతురును పసిగట్టే ఒక ఫొటో డయోడ్. ఫ్యాను గాలిని లాగుతుంది, లేజరు కాంతి ఆ గాలిలోని దుమ్ము, పొగ కణాల మీద పడి చెదురుతుంది. ఆ చెదిరిన కాంతిని బట్టి ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములు ఉన్నాయని లెక్క కడుతుంది. అంటే అది కణాలను తూచడం లేదు, కాంతిని చూసి బరువును ఊహిస్తోంది. కణం సాంద్రత ఇంత, ఆకారం ఇలా ఉంటుంది అని ఫ్యాక్టరీలో ముందే అనుకుని రాసిన లెక్క అది. స్టేషన్లలోని బీటా యంత్రం పద్ధతి వేరు. కణాలను ఫిల్టరు టేపు మీద పట్టి, వాటి గుండా బీటా కిరణాలు ఎంత తగ్గి వస్తున్నాయో చూసి బరువు తేలుస్తుంది. లోపలికి వచ్చే గాలిని వేడి చేసి తేమ కూడా తగ్గిస్తుంది. చవక మీటర్లలో సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. గాలిలో తేమ 75, 80 శాతం దాటిందంటే కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, మీటరు అంకె అమాంతం పెరుగుతుంది. మంచు పట్టిన ఉదయాల్లో నీటి బిందువులే కణాలుగా లెక్కలోకి వచ్చేస్తాయి.

మా అపార్ట్‌మెంటు సంఘం కూడా ఇలాంటిదొకటి కొని గేటు దగ్గర తగిలించింది. డిసెంబరులో దట్టంగా మంచు పట్టిన ఒక ఉదయం అది ఎర్రగా వెలిగి 300 పైన చూపించింది. ఇక వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్. పిల్లల్ని పార్కుకి పంపొద్దన్నారు, పెద్దవాళ్ళను వాకింగ్ మానేయమన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు డ్రైనేజీ పైపుల కోసం మా వీధి తవ్వి మట్టి కుప్పలు అలాగే వదిలేశారు. ఆటో వెళితే ఎదురిల్లు కనపడనంత దుమ్ము. ఆ వారమంతా అదే మీటరు పచ్చ రంగులో ఉంది! తవ్వకాల దుమ్ములో ఎక్కువగా ఉండేవి పెద్ద కణాలు, పీఎం 10 (మిల్లీమీటరులో వందో వంతు వరకు ఉండే కణాలు) లెక్కలోకి రావాల్సినవి. ఈ రకం సెన్సర్లలో చాలావాటికి ఆ పెద్ద కణాలు సరిగ్గా అందవు. అయినా తెర మీద పీఎం 10 అని ఏదో ఒక అంకె కనిపిస్తూనే ఉంటుంది. ఆస్తమా ఉన్న పిల్లవాడి తల్లి ఒకావిడ ఆ పచ్చ రంగును నమ్మి కిటికీలు తెరిచి ఉంచారు. రాత్రికి పిల్లవాడికి నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. ఆవిడకు ఎవరు జవాబు చెప్పాలి?

అదే పెట్టె కార్బన్ డయాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన విషవాయువు కూడా కొలుస్తానంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను సరిగ్గా కొలవాలంటే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉండాలి. చవక రకాల్లో కొన్నిటిలో అది ఉండదు, గాలిలోని ఆవిర్లను పసిగట్టే వేరే సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఒక అంకె వేస్తారు. చేతికి శానిటైజర్ రాసుకుని దగ్గరికి వెళ్ళినా రీడింగు ఎగబాకుతుంది. పైగా గాలి నాణ్యతను ఒక్క అంకెగా, రంగుగా చెప్పే సూచీ (ఏక్యూఐ) మనకొకటి, అమెరికాకొకటి ఉంది; చాలా మీటర్లు, యాప్‌లు అమెరికా సూచీ వాడతాయి. పీఎం 2.5 (మిల్లీమీటరులో నాలుగు వందో వంతు వరకు ఉండే సన్న కణాలు) ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన సూచీలో 100, అమెరికా సూచీలో 150 పైన. గాలి ఒకటే, రంగులు వేరు. కొన్నవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

పరీక్షించడం చేతకాని పనేం కాదు. కాలిఫోర్నియాలో సౌత్ కోస్ట్ వాయు నాణ్యతా సంస్థ 2014 నుంచి ఇదే పని చేస్తోంది. ఒక్కో మోడల్‌వి మూడేసి మీటర్లు తీసుకుంటారు, ఎందుకంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన ఉండకపోవచ్చు. ముందు వాటిని ప్రామాణిక స్టేషన్ పక్కన రెండు నెలల పాటు ఆరుబయట ఉంచుతారు. తర్వాత ల్యాబ్‌లో మూసిన చాంబరులో పెట్టి, కణాల మోతాదు మెట్టు మెట్టుగా పెంచుతూ, వేడీ తేమా మారుస్తూ, పక్కనే ప్రామాణిక యంత్రం పెట్టి పోల్చి చూస్తారు. ఏ మోడల్ ఎంత తప్పు చూపించిందో ఎవరైనా చదువుకునేలా బయట పెడతారు. అమెరికా పర్యావరణ సంస్థ 2021లో పీఎం 2.5 సెన్సర్లకు కొన్ని లక్ష్యాలు పెట్టింది. వాటిలో ఒకదాని ప్రకారం, ప్రామాణిక యంత్రంలో 100 పెరిగినప్పుడు మీటరులో పెరుగుదల 65కీ 135కీ మధ్య ఉండాలి. అది తప్పనిసరి చట్టం కాదు, అయినా కొనేవాడి చేతికి ఒక కొలబద్ద దొరికింది.

కాలిఫోర్నియాలో పాసైతే చాలని మాత్రం అనుకోవద్దు. మన మే నెల వేడి వేరు, జులై ముసురు వేరు, చెత్త తగలబెట్టిన పొగ, డీజిల్ పొగ, తవ్వకాల దుమ్ము కలిసిన మన గాలి వేరు. పైగా ఇది చేత్తో పట్టుకుని తిరిగే వస్తువు. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా ఎండలోకో, తడి గాలిలోకో తెస్తే రీడింగు కుదురుకోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఇక్కడే చూడాలి. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, పక్కనే ఉస్మానియా ఉంది, కందిలో ఐఐటీ ఉంది. ఐఐఐటీ పరిశోధకులైతే చవక సెన్సర్లను నగరంలో పెట్టి, వాటిని సరిదిద్దే పద్ధతుల మీద ఇప్పటికే పనిచేశారు. కాలుష్య పరికరాలకు ధ్రువీకరణ ఇచ్చే బాధ్యతను కేంద్రం 2019లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు అప్పగించింది. ఇన్ని ఉండి, మా గేటుకు తగిలించిన పెట్టె మీద ఏ పరీక్షా ముద్ర లేదు. కిరాణా కొట్టులో కిలో ఉల్లిపాయలు తూచే కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. లేకపోతే జరిమానా. పసిపిల్లల ఊపిరికి సంబంధించిన కొలతకు ఏ ముద్రా అక్కర్లేదా?

ఈ సంగతి అడుగుదామని ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే అది తమ పరిధిలోకి రాదన్నారు. ఇంకో చోట ఫిర్యాదు రాసివ్వమన్నారు, ఇచ్చాను, జవాబు లేదు. ఏ శాఖను చూసినా ఇదే వరస. యంత్రం కొనడానికి టెండరు ఉంటుంది, ప్రారంభోత్సవానికి రిబ్బను ఉంటుంది, ఏడాది తిరిగాక క్యాలిబ్రేషన్ (ప్రామాణిక యంత్రంతో పోల్చి సరిదిద్దడం) చేయించడానికి మాత్రం బడ్జెట్ ఉండదు. ఎవరిదీ బాధ్యత కాదు.

నేను ఇంటర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. ఫస్టియర్ పిల్లల చేతికి చిన్న పొడవులు కొలిచే వెర్నియర్ కాలిపర్స్ ఇచ్చిన రోజే, ముందు జీరో ఎర్రర్ (ఏమీ కొలవనప్పుడు సున్నా చూపిస్తోందా లేదా) చూడండి, ఆ తర్వాతే కొలవండి అని చెప్పేవాళ్ళం. ఇప్పుడు ఎన్నో కాలేజీల్లో ల్యాబ్ తలుపు ప్రాక్టికల్ పరీక్షలప్పుడే తెరుస్తున్నారు. పిల్లలు ముందు జవాబు రాసి, దానికి సరిపడా రీడింగులు వేసేస్తున్నారు, వాటికి మార్కులూ పడుతున్నాయి. అలా చదువుకున్నవాళ్ళు రేపు ఆఫీసర్లయి కుర్చీలో కూర్చుంటే, మీటరు తెర మీద అంకె కనిపించగానే అదే సత్యమని సంతకం పెట్టేస్తారు. నాకు కోపమూ, బాధా రెండూ కలిగేది ఇక్కడే.

మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఇరవై నాలుగు గంటల సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 దాటకూడదంది. నిజంగా 80 ఉన్న గాలిని 50గా చూపించే మీటరు మనల్ని ప్రమాదంలోకి నడిపిస్తుంది. 50ని 150గా చూపించేది స్కూలు గ్రౌండుకి తాళం వేయిస్తుంది.

కాలుష్య నియంత్రణ మండలికి నా విన్నపం. మార్కెట్‌లో దొరికే ప్రతి మోడల్‌వీ మూడేసి కొని నగరంలోని ఒక ల్యాబ్‌కు ఇవ్వండి. చాంబరులో పరీక్షించాక, ఏడాది పొడవునా సనత్‌నగర్ స్టేషన్ పక్కన ఉంచండి. ఫలితాలను తెలుగులో, ఉర్దూలో అందరికీ అర్థమయ్యేలా ప్రకటించండి. ఆ ఫలితం లేని మీటరును ప్రభుత్వ డబ్బుతో ఏ స్కూలుకూ కొనవద్దు.

మీ పత్రికకూ ఒక మాట. ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు ధర కన్నా ముందు అమ్మేవాణ్ణి అడగండి. ఏ ల్యాబ్‌లో, ఏ యంత్రం పక్కన పెట్టి, ఎంత తేమలో పరీక్షించారు? వాళ్ళు చెప్పిన జవాబును ఉన్నది ఉన్నట్టు అచ్చువేయండి.

— రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, నల్లకుంట, హైదరాబాద్