తమ్ముణ్ణి ఎక్కడ దించాలి?

సంపాదకులకు నమస్కారం.

కాచిగూడ స్టేషన్‌కు దగ్గర్లో మాది పాల బూత్. తెల్లవారుజామున నాలుగున్నరకు షట్టర్ తీస్తాం. అప్పటికే ఫుట్‌పాత్ మీది కుటుంబాల పిల్లలు లేచి తిరుగుతుంటారు. ఈ పిల్లల గురించి పేపర్లలో ఎప్పుడు చదివినా బిచ్చం, చెత్త ఏరడం, సిగ్నళ్ల దగ్గర బెలూన్లు అమ్మడం, ఇవే ఉంటాయి. వాళ్లు చేసే ఇంటి పని ఎక్కడా కనపడదు.

రోజూ మా దగ్గర చిన్న పాల ప్యాకెట్ కొనే పాపకు పదేళ్లుంటాయేమో. జనం రాకముందే నీళ్లు పట్టుకోవాలి. పాత కూల్‌డ్రింక్ సీసాలతో మూడు నాలుగుసార్లు తిరుగుతుంది. దుప్పట్లు చుట్టి గోడవారన దాచాలి, లేకపోతే చెత్త బండిలో పోతాయి. మూడు రాళ్ల మధ్య అట్టముక్కలు మండించి అన్నం వండుతుంది. వానపడితే అవీ అంటుకోవు, ఆ రోజు బన్నుతోనే సరి. అమ్మానాన్న కూలికి అడ్డా మీదికి వెళ్లాక ఏడాదిన్నర తమ్ముడు ఆమె చంకలోనే. వాణ్ణి ఎత్తుకునే ప్లాస్టిక్ సీసాలు ఏరి, మధ్యాహ్నానికి పాత సామాన్ల కొట్టులో కాటా వేయిస్తుంది.

నిరుడు నేనే ఆ పాపను బడికి తీసుకెళ్లాను. టీసీ కూడా అడగకుండా చేర్చుకున్నారు. రెండో రోజు చంటివాడితో వచ్చిందని పంపించేశారు. టీచరమ్మను తప్పుపట్టలేను, క్లాసులో వాడు ఏడుస్తుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? అంగన్‌వాడీలో అడిగితే మూడేళ్లు నిండాకే కూర్చోబెట్టుకుంటామన్నారు.

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అంటూ పోలీసులు పిల్లల్ని కాపాడుతున్నారు. తప్పిపోయిన పిల్లలకు, కార్ఖానాల్లో మగ్గే పిల్లలకు అది ప్రాణం పోసినట్టే. కానీ ఈ పాపకు అమ్మానాన్న ఉన్నారు. తీసుకెళ్లినా నాలుగు మాటలు చెప్పి వాళ్లకే అప్పగిస్తారు. మర్నాడు మళ్లీ అవే సీసాలు, అదే తమ్ముడు. 2010 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అందులోనే ఉంది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, బడి వేళలు అయ్యాక ఇంటివాళ్లకు సాయం చేయొచ్చన్నారు. ఈ పాపకు బడి వేళలంటూ ఉంటే కదా!

ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్‌లకు కేంద్రం పాల్నా పథకం పెట్టింది. కాచిగూడ, నాంపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ల దగ్గర, అఫ్జల్‌గంజ్‌లో వాటిని తెరవాలని అధికారులను వేడుకుంటున్నాను. పది గంటలకు తెరిస్తే లాభం లేదు. కూలీలు అడ్డాకు బయల్దేరే ఏడింటికే తెరవాలి. పక్కనే ఒక నల్లా కూడా ఉండాలి.

నీళ్లు ఇప్పటికి మా బూత్‌లోనే పట్టుకోమంటున్నాం. చంటివాణ్ణి చూసే చోటు మాత్రం మేం పెట్టలేం కదా.

– పాల బూత్ నిర్వాహకురాలు,
కాచిగూడ, హైదరాబాద్