రోజు ఒకటే, నెల పేరే వేరు

సంపాదకులు గారికి,
నమస్కారం.

మీ పత్రికలో రోజూ వేసే పంచాంగం కింద ఇంకొక్క వరుస అచ్చు వేయమని అడగడానికే ఈ ఉత్తరం. నెలంతా అక్కర్లేదు. పౌర్ణమి మర్నాటి నుంచి అమావాస్య దాకా, ఆ పదిహేను రోజులూ 'ఒడియా పాంజిలో ఫలానా మాసం' అని వేస్తే చాలు (పాంజి అంటే ఒడియా వారి పంచాంగం). గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో పుట్టినరోజులు తారుమారవుతున్నది ఎక్కువగా ఆ ఒక్క వరుస లేకే.

సరిహద్దుకు ఇటు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం. అటు ఇచ్ఛాపురం, టెక్కలి, పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై మధ్యలో గీత పడిందే గానీ పెళ్లిళ్లూ పేరంటాలూ ఆగలేదు. ఫోనులో కబుర్లన్నీ ఒకే దండలో వస్తాయి: పెద్దవాడికి సూరత్‌లో పని కుదిరింది, రెండోదానికి జయపురం బదిలీ అయింది, కోడలు నీళ్లోసుకుంది, మావయ్యకు అరవై నిండుతున్నాయి, బుజ్జిగాడి పుట్టినరోజు ఈ ఏడు ఎప్పుడు పడిందీ? మిగతా కబుర్లలో తప్పు దొర్లితే మర్నాడు దిద్దుకోవచ్చు. పుట్టినరోజు దగ్గర తప్పితే సరిగ్గా నెల రోజులు తేడా వస్తుంది. రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే ఇస్తున్నారు (2024 నవంబరు 1కి ముందు నూట ఇరవై రోజులు). నెల తప్పుగా లెక్కేసుకున్న మేనమామకు ఆ తర్వాత వెయిటింగ్ లిస్టే గతి.

ఇంగ్లీషు తేదీ పెట్టుకుంటే గొడవే లేదు కదా అంటారు. కేకు వరకూ అంతే. తలంటు, అక్షింతలు, గుడిలో అర్చన మాత్రం తిథి చూసే చేస్తాం. షష్టిపూర్తి అయితే తిథి లేకుండా నడవదు.

చిక్కు ఎక్కడుందంటే, మన నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా వారి చాంద్రమాన నెల పౌర్ణమితో ముగుస్తుంది. శుద్ధ పక్షంలో రెండు లెక్కలకూ నెల పేరు ఒకటే. పౌర్ణమి కూడా ఒకటే, కార్తీక పున్నమి ఇద్దరికీ కార్తీక పున్నమే. పున్నమి దాటిన మర్నాడు వాళ్లు తర్వాతి నెలలోకి వెళ్లిపోతారు, మనం మరో పదిహేను రోజులు పాత నెలలోనే ఉంటాం. మన శ్రావణ బహుళ అష్టమి వాళ్లకు భాద్రవ (భాద్రపద) కృష్ణ అష్టమి. మన ఆశ్వయుజ అమావాస్య వాళ్లకు కార్తీక అమావాస్య. మన మాఘ బహుళ చతుర్దశి వాళ్లకు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. కృష్ణాష్టమి, దీపావళి, శివరాత్రి ఇద్దరం ఒకే రోజు చేసుకుంటున్నాం, కాబట్టి తేడా ఉందన్న సంగతే ఎవరి దృష్టికీ రాదు. పండుగ లేని తిథిన పుట్టిన పిల్లల దగ్గరే అది బయటపడుతుంది.

2024 ఆగస్టు 26న, కృష్ణాష్టమి నాడు, బరంపురంలో ఒక బిడ్డ పుట్టాడనుకోండి. ఒడియా వియ్యాలవారు 'భాద్రవ కృష్ణ అష్టమి' అని రాసి పంపారు. పలాసలో పురోహితుడు తెలుగు పంచాంగంలో భాద్రపద బహుళ అష్టమి వెతికితే ఆ ఏడు సెప్టెంబరు 25 తేలుతుంది. ఆయన తప్పేమీ చేయలేదు, వాళ్లూ తప్పు రాయలేదు. ఒక నెల వెనక్కి జరపాలని చెప్పేవారే లేకపోయారు. కనిపెట్టడానికి చిన్న గుర్తు ఒకటుంది. మనవాళ్లు 'బహుళ' అంటారు, ఒడియా వారు 'కృష్ణ పక్ష' అంటారు. సందేశంలో 'కృష్ణ' అని కనబడితే, ఏ పాంజి చూసి రాశారని ఒక మాట అడగాలి. శుద్ధ పక్షమైతే అడగక్కర్లేదు.

ఇంతకన్నా గట్టి ఉపాయం, నెల పేరే రాయకపోవడం. 'కృష్ణాష్టమి నాడు', 'దీపావళికి ముందు మూడో రోజు', 'కార్తీక పున్నమి తర్వాత ఎనిమిదో రోజు' అని పండుగనో పున్నమినో ఆధారం చేసి రాస్తే ఏ పాంజి తెరిచినా ఒకే రోజు వస్తుంది. మన పెద్దవాళ్లు చదువు లేకపోయినా పుట్టినరోజులు ఇలాగే గుర్తుపెట్టుకున్నారు, తప్పలేదు.

ఈ తేడా బాగా దెబ్బకొట్టేది ప్రథమాష్టమి నాడు. ఇంటికి తొలిచూలు బిడ్డకు ఒడియా వారు చేసే వేడుక ఇది. ఒడియా ఇరుగుపొరుగు మధ్య పెరిగిన తెలుగు ఇళ్లలోనూ చేస్తారు. మేనమామ ఇంటి నుంచి కొత్త బట్టలు రావాలి, తల్లో ఇంట్లో పెద్ద ముత్తైదువో బిడ్డకు హారతివ్వాలి. భువనేశ్వర్‌లో లింగరాజ స్వామి ఉత్సవమూర్తి కూడా ఆ రోజు మేనమామ ఇంటికి బయల్దేరుతాడు. పాంజిలో అది మార్గశిర కృష్ణ అష్టమి. టెక్కలిలో ఉన్న మేనమామ తెలుగు క్యాలెండరులో మార్గశిర బహుళ అష్టమి చూసుకుని బట్టలు పంపితే అవి నెల ఆలస్యంగా చేరతాయి. మన లెక్కలో అది కార్తీక బహుళ అష్టమి. 2025లో నవంబరు 12న పడింది.

ఆ రోజు వంట ఎండూరి పిఠా, పసుపాకులో ఆవిరి మీద ఉడికించే కుడుము. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు నాలుగైదు గంటలు నానబెట్టి, ఇడ్లీ పిండి కంటే పలచన కాకుండా రుబ్బి రాత్రంతా పులియనివ్వాలి. దోసెల పిండిలా జారుగా ఉంటే ఆకు మడతలోంచి కారిపోతుంది. లోపలికి ఒక కొబ్బరికాయ కోరు, 200 గ్రాముల బెల్లం, ఏలకులు, నాలుగు మిరియాలు. బెల్లం నీరు ఇగిరి ఉండకట్టేదాకా వేయించకపోతే పిండి మధ్యలో పాకం కరిగి కుడుము విడిపోతుంది. ఆకు వెనక ఈనె గట్టిగా ఉంటే చాకుతో పైపైన చెక్కాలి, లేకపోతే మడవగానే అక్కడే చిట్లుతుంది. ఇరవై నిమిషాల ఆవిరి చాలు. నెల తర్వాత చేద్దామంటే పచ్చి పసుపాకు దొరకడం కష్టం, చేలో ఆకు పండి ఎండడం మొదలవుతుంది. తిథి తప్పితే వంట కూడా తప్పుతుందన్నమాట.

ఇక ఏటేటా తేదీ ఎందుకు జరుగుతుందన్నది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు, ఇంగ్లీషు ఏడు కంటే పదకొండు రోజులు తక్కువ. అందుకే తిథి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు వస్తుంది, అధిక మాసం పడిన ఏడు ఒక్కసారిగా వెనక్కి వెళుతుంది. పైన చెప్పిన కృష్ణాష్టమి 2024లో ఆగస్టు 26, 2025లో ఆగస్టు 16, 2026లో సెప్టెంబరు 4. పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు పడి లెక్క సరిపోతుంది. 19, 38, 57 ఏళ్లు నిండే పుట్టినరోజున తిథీ ఇంగ్లీషు తేదీ సాధారణంగా ఒక రోజు అటూ ఇటూగా కలుస్తాయి. 2005లో దీపావళి నవంబరు 1, 2024లో అక్టోబరు 31. పాత జాతకంలోని నెల మీద అనుమానం వస్తే, పత్రంలో ఉన్న ఇంగ్లీషు తేదీని పందొమ్మిదేళ్లు నిండిన ఏటి పంచాంగంతో పోల్చి చూడండి. నెల రోజుల తేడా కనిపించిందంటే ఒడియా లెక్కను తెలుగు లెక్కగా రాసేసి ఉండొచ్చు.

పుట్టిన గంట కూడా రాయాలి. ఆసుపత్రి కాగితంలో రోజు అర్ధరాత్రికి మారుతుంది, మనకు సూర్యోదయానికి. తెల్లవారుజామున మూడింటికి పుట్టిన పిల్లకు కాగితంలో సోమవారం, ఇంట్లో ఆదివారం. రెండూ సరైనవే. జన్మతిథి అంటే పుట్టిన క్షణానికి ఉన్న తిథి, ఆ రోజు సూర్యోదయానికి ఉన్నది కాదు. తర్వాతి ఏళ్లలో పుట్టినరోజు మాత్రం ఆ తిథి సూర్యోదయానికి ఉన్న రోజున చేస్తారు. ఇక్కడ ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు కంటే బరంపురంలో సుమారు 25 నిమిషాలు ముందుగా తెల్లవారుతుంది, వేసవిలో అరగంటకు దగ్గర. మే మొదట్లో బరంపురంలో 5.20కి, హైదరాబాదులో 5.48కి సూర్యోదయం. ఆ రోజు అష్టమి 5.35కి వెళ్లిపోతే బరంపురంలో అది అష్టమి రోజు, హైదరాబాదులో నవమి రోజు. హైదరాబాదు సూర్యోదయానికి గణించిన క్యాలెండరు బరంపురం గోడకు వేలాడదీసేవాళ్లు తిథి అంత్య సమయం కూడా చూడాలి.

ఒడియా పాంజిలో మేష, వృష, మిథున అని రాశి పేరుతో ఉన్న తేదీలు తిథులు కావు, సౌరమానం. అవి ఇంగ్లీషు తేదీతో దాదాపు కలిసే నడుస్తాయి. తాటాకు జాతకంలో 'అంకం' అని ఉంటే అది పూరీ గజపతి రాజు ఏలుబడి లెక్క. భాద్రపద శుద్ధ ద్వాదశికి, సునియా నాడు, అంకం మారుతుంది. ఒకటిని వదిలేస్తారు. ఆరుతో, సున్నాతో ముగిసే అంకెల్ని కూడా వదిలేస్తారు, పది మాత్రం ఉంటుంది. కాబట్టి 25వ అంకం అంటే ఏలుబడిలో ఇరవై ఒకటో ఏడే. ఆ అంకంలో పుట్టిన తాతగారికి అంకెలు వరుసగా లెక్కపెడితే నాలుగేళ్లు తక్కువ వయసు వస్తుంది.

షష్టిపూర్తి చేసేవాళ్లు ఉగాది చూసుకోవాలి. 2026 ఉగాదికి మొదలయ్యేది పరాభవ. 1966 ఉగాది తర్వాత, 1967 ఉగాదికి ముందు పుట్టినవాళ్లకు అరవై ఏళ్లకు తిరిగి వచ్చేది అదే. 1966 జనవరిలో పుట్టినవాళ్లది విశ్వావసు, పరాభవ కాదు. 1966 అనగానే అందరినీ ఒకే ఏట కట్టేసి మండపం మాట్లాడేయకండి.

పురిటి కబుర్ల గురించి ఒక్క మాట. పుట్టుక నమోదుకు చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు. ఒడియా వారు ఏకోఇశియా చేసి పేరు పెట్టేదీ ఇరవై ఒకటో రోజే. పేరు నిర్ణయమయ్యేదాకా ఆగి ఆ రోజు సాయంత్రం కార్యాలయానికి పరుగెత్తడం కంటే, ముందే నమోదు చేయించి పేరు తర్వాత చేర్పించుకోవడం మేలు, చట్టం అందుకు వీలిచ్చింది.

ఇక మీ వరుస సంగతి. 2026 జ్యేష్ఠం దగ్గర మీ పంచాంగకర్త జాగ్రత్తగా ఉండాలి. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. మనకు ముందు అధికం, తర్వాత నిజ జ్యేష్ఠం మొత్తం వస్తాయి. ఒడియా వారికి నిజ జ్యేష్ఠం రెండు ముక్కలై మధ్యలో అధికం ఇరుక్కుంటుంది. వాళ్ల జ్యేష్ఠ కృష్ణ పక్షం మే 16 అమావాస్యకే, సావిత్రి వ్రతంతో, అయిపోతుంది. జూన్ 1 నుంచి 15 దాకా ఆ వరుస వేయనక్కర్లేదు, అధిక జ్యేష్ఠ బహుళం ఇద్దరికీ అధిక జ్యేష్ఠమే. జూన్ 30న మళ్లీ మొదలుపెట్టాలి: మనకు నిజ జ్యేష్ఠ బహుళం, 'ఒడియా పాంజిలో ఆషాఢ కృష్ణ పక్షం'. చోటు చాలక ఉత్తరం కత్తిరించాల్సి వస్తే వంట తీసేయండి, ఈ పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా