ముసలి థీస్ మాటలనూ అచ్చు వేయండి

సంపాదక మహోదయులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో తోడేలు మనుషుల మీద మీరు వేసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పున్నమి వెన్నెల, వెండి తూటా, మెడ కొరికే మృగం తప్ప అందులో మరేమీ కనబడకపోవడం నన్ను బాధించింది. తాను తోడేలునని నిండు న్యాయస్థానంలో చెప్పి, పాతాళానికి చేసిన ప్రయాణాలను పూసగుచ్చినట్టు వివరించిన థీస్ అనే ముసలి రైతును వదిలేసి ఈ విషయం రాయడమంటే గింజను పారబోసి పొట్టు కొలవడమే.

1691లో, అప్పటి స్వీడన్ ఏలుబడిలోని లివోనియాలో, అంటే నేటి లాత్వియా ప్రాంతంలో, యుర్గెన్స్‌బుర్గ్ అనే చోట చర్చి దొంగతనం కేసు విచారణకు సాక్షిగా వచ్చేనాటికి థీస్‌కు ఎనభై ఏళ్లు దాటాయి. అతడు తోడేలని ఊరివారందరికీ తెలుసనే మాట బయటపడగానే న్యాయమూర్తులు దొంగతనాన్ని పక్కన పెట్టి అతడినే ప్రశ్నించసాగారు. లూసియా పండుగ, పెంతెకొస్తు, సెయింట్ జాన్ పండుగ అనే క్రైస్తవ పండుగల రాత్రులలో తామంతా తోడేళ్లై భూమి అడుగున ఉన్న నరకానికి వెళ్తామని, మంత్రగాళ్లు ఎత్తుకుపోయి అక్కడ దాచిన ధాన్యాన్నీ పంటల సారాన్నీ తిరిగి తెస్తామని అతడు చెప్పాడు. గుర్రపు తోక వెంట్రుకలు చుట్టిన చీపురుకర్రతో ఒక మంత్రగాడు కొట్టినందువల్లనే తన ముక్కు విరిగిందన్నాడు. తోడేళ్లుగా ఉన్నప్పుడూ మాంసం పచ్చిగా తినేవాళ్లం కాదని, కాల్చి ఉప్పు వేసుకుని తింటామని కూడా వివరించాడు. ఇంత చిన్న సంగతి దగ్గర కూడా తడుముకోకపోవడం గొప్ప కథకుడి లక్షణమని నా నమ్మకం.

సైతానుతో ఒప్పందం చేసుకున్నట్టు ఒప్పించాలని న్యాయమూర్తులు ఎంత ప్రయత్నించినా, తాము దేవుని వేటకుక్కలమేనన్న మాట మీద అతడు నిలబడ్డాడు. పశ్చాత్తాపం చెప్పించడానికి వచ్చిన పాస్టరుతో, ఆయన వయసులో చిన్నవాడనీ ఈ సంగతులు తనకే బాగా తెలుసుననీ అన్నాడు. 1692లో డోర్పాట్ (నేటి ఎస్టోనియాలోని తార్తు) ఉన్నత న్యాయస్థానం కొరడా దెబ్బలు, దేశ బహిష్కారం విధించింది. మరో మూడేళ్లకు, ఏ పంట కోసం నరకానికి వెళ్లానన్నాడో ఆ పంటే నాశనమై, లివోనియా, ఎస్టోనియా ప్రాంతాలను ఘోరమైన కరువు చుట్టుముట్టింది.

ఇటువంటి కథ అతడొక్కడిదే కాదు. ఇటలీలోని ఫ్రియూలీ ప్రాంతంలో బెనందంతీ అనేవారు, నిద్రలో తమ ఆత్మ దేహాన్ని విడిచి వెళ్లి, సోంపు కాడలు పట్టుకుని, జొన్న కాడలు పట్టిన మంత్రగాళ్లతో పంట కోసం పోరాడుతుందని మతవిచారణాధికారులకు చెప్పారు. చరిత్రకారుడు కార్లో గింజ్‌బుర్గ్ 1966లోనే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు. ఊరి చుట్టూ పొలి (బలి రక్తం కలిపిన అన్నం) చల్లి పంటనూ పశువులనూ కాపాడుకోవడం ఎరిగిన మన రైతు కుటుంబాలకు, పంట కోసం అదృశ్య లోకంలో యుద్ధం జరుగుతుందన్న ఊహ పరాయిదిగా తోచదు.

థీస్ విచారణ పత్రాలు 1924లో జర్మన్ భాషలో అచ్చయ్యాయి, ఇటీవల ఇంగ్లీషులోకీ వచ్చాయి. సమర్థులైన అనువాదకుల చేత వాటిని తెలుగు చేయించి మీ అనుబంధంలో ధారావాహికగా వేయవలసిందిగా కోరుతున్నాను. దయచేసి వాటిని భయానక కథగా మార్చవద్దు. అడిగిన ప్రశ్నలు, అతడిచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టుగా, ముందు చెప్పిన మాటను తర్వాత మార్చిన చోట్లతో సహా రావాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ.