పుట్టిన తేదీ అడగని మైదానం కావాలి
(రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

మంత్రి గారికి నమస్కారాలు.

నేను ప్రొద్దుటూరులో బంగారు పని చేసుకుని బతికేవాణ్ణి. పగలంతా కుంపటి ముందు నడుము వంచి కూర్చునే పని. తెల్లవారుజామున మాత్రం కర్రసాము చేస్తాను. చిన్నప్పుడు మా వీధి గరిడీలో, అంటే సాము నేర్పే వ్యాయామశాలలో, మొదలైన అలవాటు, మనవడు పుట్టాక కూడా మానలేదు. ఆ గరిడీ ఇప్పుడు లేదు. దాని స్థానంలో దుకాణాల సముదాయం లేచింది. స్థలం సొంతదారులు అమ్ముకున్నారు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ తర్వాత జరిగిన దాని గురించే ఈ లేఖ.

గరిడీ పోయాక, పొద్దున్నే ఒక గంట ప్రభుత్వ మైదానం వాడుకోనివ్వమని ఒక కార్యాలయానికి వెళ్లి అడిగాం. దరఖాస్తు ఫారం ఇచ్చారు. అందులో అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని గడులున్నాయి. మాకు సాము నేర్పే గురువు, మా వస్తాదు గారికి డెబ్బై దాటాయి. ఆయన పుట్టిన తేదీ ఏ గడిలోనూ పట్టదు. గుమస్తా కాసేపు ఆలోచించి, ఇది క్రీడ కాదు, కళ అని తేల్చి మరో కార్యాలయానికి పంపాడు. అక్కడ బృందంలో ఎంతమంది, ప్రదర్శన ఎన్ని నిమిషాలు, వేషధారణ ఏమిటి అని అడిగారు. వేషధారణ అంటే లంగోటీ అని చెప్పడానికి వస్తాదు గారు సిద్ధమే గానీ, నేనే ఆపాను.

అటు ఆటగాళ్ల పట్టికలోనూ ఇటు కళాకారుల పట్టికలోనూ చేరని మనుషులం మేము. పోటీకి సిద్ధమవడం లేదు, వేదిక ఎక్కడం లేదు. రోజూ చేస్తాం, అంతే. ఈ రోజూ చేయడానికి మీ శాఖలో ఒక గడి తెరవమన్నదే నా మనవి.

సాములో చేరిన వెంటనే కర్ర చేతికివ్వరు. ముందు దండీలు, బస్కీలు, ఆ తర్వాత అడుగులు. అడుగు కుదిరాకే వెదురు వస్తుంది. అదీ ఎవరి ఎత్తుకు తగినది వారికే, నేల మీద నిలబెడితే నుదుటి దాకా రావాలి. ఇరవై ఏళ్ల వాడు వేగం కోసం తిప్పుతాడు. నడివయసులో ఆ వేగం తగ్గుతుంది, అప్పుడు గానీ మణికట్టుకు తెలివి రాదు. మరికొన్నాళ్లకు భుజం మొరాయిస్తే, అదే తిప్పును నడుములోంచి తీసుకురావడం నేర్చుకోవాలి. చేతిలో ఉన్నది పాత కర్రే అయినా ఒళ్లు మారినప్పుడల్లా దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మా వస్తాదు గారు ఇప్పుడు ఎక్కువగా కదలరు. కుర్రవాడు కర్ర ఎత్తీ ఎత్తకముందే, అది ఎటు దిగబోతుందో భుజం చూసి చెప్పేస్తారు. ఈ చూపు అండర్ 19 లో రాదు.

ఇదేదో ఇప్పుడు పుట్టిన సరదా కాదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడు. ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పేవాడు. తర్వాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి తెల్లవారేదాకా స్వారీ చేసేవాడు. అప్పటికి ఆయన వయసు యాభైకి అటూ ఇటూ. కొత్తగా గెలవాల్సిన పతకం లేదు. ఆ రాజ్యానికి మన పెనుకొండ రెండో రాజధాని. అలాంటి సీమలో ఈనాడు యాభై ఏళ్లవాడు సాము చేస్తానంటే, ఈ వయసులో ఎందుకని అడుగుతున్నారు.

మీ అధికారులు నోరు తెరిచి అనకపోయినా మనసులో ఉండే సందేహం ఒకటుంది. రాయలసీమలో కుర్రవాళ్లకు కర్రలు, కత్తులు నేర్పడమేమిటి? ఒకప్పుడు ఊరి గరిడీ మీద పోలీసుల కన్ను ఉండేదని మాకూ తెలుసు. కానీ ఫ్యాక్షన్ కక్షల్లో పనిచేసినవి నాటుబాంబులు, వేటకొడవళ్లు. వాటికి వస్తాదు అక్కర్లేదు, ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేవడం అసలే అక్కర్లేదు. గరిడీలో ఎదుటివాడి తల మీదికి వచ్చిన కర్రను వెంట్రుకవాసిలో ఆపడం నేర్పుతారు. ఆపలేనివాణ్ణి జోడీకి దించరు. పైగా మా గరిడీలో ఆంజనేయుడి పటానికి దండం పెట్టి దిగేవాళ్లూ, బిస్మిల్లా అని దిగేవాళ్లూ ఒకే మట్టిలో పొర్లారు. పీర్ల పండుగకు అందరూ కలిసే కర్ర తిప్పారు.

దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో జరిగే బన్ని ఉత్సవం సంగతి కూడా చెప్పాలి. ఏటా టీవీల్లో తలలు పగిలిన దృశ్యాలు చూసి, కర్ర అంటే ఇదేనని రాష్ట్రమంతా అనుకుంటోంది. అది మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ల మధ్య కర్రలతో జరిగే మొక్కుబడి. దాని మంచిచెడ్డలు ఆ ఊళ్లవారు, మీరు కూర్చుని మాట్లాడుకోవాల్సినవి. దాన్ని చూపించి సాముకు తలుపు మూయవద్దు. ఆ ఊళ్ల పిల్లలకు సాము నేర్పితే గాయాలు తగ్గుతాయేమోనని నా అనుమానం. రుజువు లేదు, పరీక్షించి చూడవచ్చు.

ఇతర రాష్ట్రాలు ఏం చేశాయో మీకు తెలియనిది కాదు. 2022 జూన్‌లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో పంజాబు గట్కా, కేరళ కలరిపయట్టు, మణిపూర్ థాంగ్-టా అనే యుద్ధవిద్యలూ, నిలువు స్తంభం మీద చేసే మల్లఖంబ్ వ్యాయామమూ చోటు సంపాదించాయి. సంతోషమే. మన కర్రసాముకూ ఆ వరుసలో చోటు దక్కితే కాదనను. అయితే నన్ను ఎక్కువగా కదిలించింది కేరళలోని వడకరకు చెందిన మీనాక్షమ్మ గారు. చిన్నతనంలో కలరిలో, అంటే అక్కడి గరిడీలో, అడుగుపెట్టి, డెబ్బై దాటాక కూడా చీర కచ్చ బిగించి శిష్యులకు కత్తిసాము నేర్పుతున్న ఆవిడకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. పోటీల పట్టికలో ఆవిడకు చోటు దొరకదు. ఆమె చేతిలోంచి వచ్చిన శిష్యులు మాత్రం ఏ పట్టికలోనైనా నిలబడతారు.

కడప పుట్లంపల్లిలో క్రీడా పాఠశాల ఉంది. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వారి క్రీడాగ్రామం ఉంది. పల్లె పిల్లలకు అవి చేస్తున్న మేలు కాదనలేం. కానీ పోటీల వయసు దాటిన మనిషి రేపటి నుంచి ఎక్కడికి వెళ్లాలి? 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు శరీర సమతుల్యానికీ బలానికీ పనికొచ్చే రకరకాల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పెద్దవాళ్లు పడిపోకుండా కాపాడేది అదే. ఒంటికాలి మీద తిరుగుతూ రెండు చేతులా కర్ర మార్చుకునే విద్యలో ఇవి రెండూ ఉన్నాయి. 2025 జూన్ 21న విశాఖ తీరంలో లక్షల మందిని యోగాకు కూర్చోబెట్టిన ప్రభుత్వం మీది. జూన్ 22న వాళ్లు ఎక్కడ కూర్చున్నారో కూడా ఒకసారి విచారించాలి. ఆడపిల్లలకు పది రోజుల ఆత్మరక్షణ శిబిరాలు పెట్టి, ఫొటో దిగి, సర్టిఫికెట్లు పంచుతారు. పదకొండో రోజు నుంచి ఆ పిల్ల ఎక్కడ సాధన చేయాలో ఎవరూ చెప్పరు.

అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రభుత్వ మైదానాలన్నీ తెల్లవారుజామున ఐదు గంటలకు తెరిచి, ఒక మూల మెత్తని మట్టి పోయించి, అక్కడ వయసు, పోటీ పేరు అడగకుండా సాధన చేసుకోనివ్వండి. తాళం తీయడానికి మనిషి లేడంటే, ఆ పని మేమే చేస్తాం. పాఠశాల వ్యాయామ పీరియడ్‌లో వారానికి ఒకసారి ఊళ్లోని వస్తాదును పిలిపించండి. డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నట్టే వృద్ధ వస్తాదులకూ ఇవ్వండి. అయితే వాళ్లను సర్టిఫికెట్ అడగవద్దు. ఇచ్చేవాళ్లు ఎప్పుడో పోయారు. ఒక వస్తాదు దగ్గర నేర్చుకున్న వాళ్లను నలుగురిని పిలిచి, ఒక అడుగు వేయించి చూస్తే చాలు, ఆయన ఎవరో తెలిసిపోతుంది.

ప్రస్తుతం మేము పెన్నా ఇసుకలో సాధన చేస్తున్నాం. ఇసుకలో కాళ్లకు బలం వస్తుంది గానీ అడుగు సరిగా తిరగదు, నదికి నీళ్లొస్తే ఆ చోటూ ఉండదు. కాబట్టి మిగతా వాటికి సమయం తీసుకున్నా, మైదానాల వేళల ఉత్తర్వు మాత్రం వానల కంటే ముందే ఇప్పించండి.

ఇట్లు,
ప్రొద్దుటూరు నుంచి ఒక స్వర్ణకారుడు