కీలు నీరు పరీక్షించే దారేది?

సంపాదకులకు,

పశువులకు యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడుతున్నారన్న మీ సంపాదకీయం చదివాను. తప్పంతా పెంపకందారులదే అన్నట్టు రాశారు. పందుల ఫారం నడుపుతున్నవాడిగా నా మాటా వినండి. పంది కుంటగానే పెనిసిలిన్ సూది వేయడం మాకేం సరదా కాదు. ఏ బ్యాక్టీరియా కుంటిస్తోందో చెప్పే ఏర్పాటు మా దరిదాపుల్లో ఉండదు.

పైకి కనిపించే కీళ్ల వాపు ఒకటే, కారణాలు మాత్రం అరడజను. పాలు తాగే పంది పిల్లలకు బొడ్డు నుంచో, గరుకు నేలకు ఒరుసుకుపోయిన మోకాళ్ల నుంచో స్ట్రెప్టోకాకస్ జాతుల బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. పాలు మానిన పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ సూయిస్, గ్లాసెరెల్లా పారాసూయిస్, మైకోప్లాస్మా హయోరైనిస్ అనే బ్యాక్టీరియాల్లో ఏదైనా కావచ్చు. 3 నెలలు దాటి ఏపుగా ఎదుగుతున్న పంది ఉన్నట్టుండి కాలు మోపలేకపోతే మైకోప్లాస్మా హయోసైనోవియేను అనుమానించాలి. కీళ్లకూ పాకే మరో బ్యాక్టీరియా జబ్బు ఎరిసిపెలాస్ సంగతి సరేసరి. అసలు ఏ క్రిమీ లేకుండా, కీలులోని మృదులాస్థి సరిగా ఎదగక కుంటే పందులూ ఉన్నాయి. వాటికి యాంటీబయాటిక్ ఎంత పోసినా దండగే.

పెనిసిలిన్ దెబ్బతీసేది బ్యాక్టీరియా కణకవచాన్ని. మైకోప్లాస్మాలకు ఆ కవచమే ఉండదు. వాటికి టియాములిన్, లింకోమైసిన్ లాంటివి కావాలి. పేరు తెలియకుండా వేసిన సూది వల్ల జబ్బు తగ్గదు సరికదా, పంది ఒంట్లోని మిగతా బ్యాక్టీరియా మందుకు రాటుదేలుతుంది. మీ సంపాదకీయం భయపడింది సరిగ్గా దీనికే కదా!

పోనీ వాచిన కీలులోంచి తీసిన నీటిని ల్యాబుకు పంపితే చాలాసార్లు ‘బ్యాక్టీరియా ఏదీ పెరగలేదు’ అని జవాబు వస్తుంది. వింతేమీ లేదు. చాలాకాలంగా కుంటుతూ, మందులు పడిన పంది కీలులో వాపు మిగులుతుంది గానీ బ్యాక్టీరియా మిగలకపోవచ్చు. ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచడానికి వాడే, రక్తం కలిపిన మామూలు మాధ్యమం (బ్లడ్ అగార్) మీద గ్లాసెరెల్లా పెరగదు, దానికి ఎన్ఏడీ అనే పదార్థం అందించాలి. మైకోప్లాస్మాకు ప్రత్యేక మాధ్యమమో, క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షో ఉండాలి. ముక్కులో స్వాబ్ తిప్పి ‘పాజిటివ్’ అనేస్తే కుదరదు. ఆరోగ్యంగా ఉన్న పందుల ముక్కుల్లో, టాన్సిల్స్‌లో కూడా ఈ క్రిములు కాపురం ఉంటాయి. కీలు నీటిలో దొరికితేనే లెక్క.

కాబట్టి పశువ్యాధి నిర్ధారణ ల్యాబులను నడిపేవారు చేయాల్సింది ఇదీ. కొత్తగా కుంటడం మొదలై, ఇంకా మందు పడని కొన్ని పందుల నుంచి పశువైద్యుడు శుభ్రంగా కీలు నీరు తీయాలి. అది చల్లగా, వీలైనంత త్వరగా ల్యాబుకు చేరాలి. కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూడడం), పీసీఆర్ రెండూ చేసి, ఏ మందుకు లొంగుతుందో కూడా రిపోర్టులో రాయాలి. పరీక్ష రుసుము మందు సీసా ధరను మించితే ఎవరైనా సీసానే కొంటారు, ఆ తేడా ప్రభుత్వం భరించాలి. ఇందులో మా లాభమొక్కటే లేదు. స్ట్రెప్టోకాకస్ సూయిస్ పందుల దగ్గర, పచ్చి మాంసం దగ్గర పనిచేసేవారికీ సోకి మెదడు పొరల వాపు తెస్తుంది. బతికి బయటపడినవారిలో చెవుడు వచ్చినవారు తక్కువేం కాదు.

మందుల నియంత్రణ గురించి ఘాటుగా రాసిన మీరు ఈ ల్యాబుల తీరు మీద కూడా ఒక కథనం వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పందుల పెంపకందారు