రిపోర్టు నేర్పే ముందు చిట్టా చూపించండి

సంపాదకులకు,

నమస్కారాలు.

కంప్యూటరులో పట్టికలుగా దాచిన లెక్కల (డేటాబేస్) నుంచి రిపోర్టులు తీయడం నేర్పే డేటాబేస్ రిపోర్టింగ్ కోర్సుల గురించి మీ పత్రిక విద్య, ఉద్యోగాల పేజీలో వచ్చే సమాచారాన్ని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు శ్రద్ధగా చదువుతున్నాయి. బరంపురంలో డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు ఒకప్పుడు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకొని ఏదో ఒక హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాసే పనికి కుదిరేవారు. ఇప్పుడు టాలీతో పాటు ఎస్‌క్యూఎల్ (డేటాబేసును ప్రశ్నలు అడిగే భాష), క్రిస్టల్ రిపోర్ట్స్, పవర్ బీఐ (రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు) అనే పేర్లు కూడా బయోడేటాలో ఉండాలని విశాఖపట్నానికో, హైదరాబాదు అమీర్‌పేటకో వెళ్లి నేర్చుకొని వస్తున్నారు. వ్యాపార సంస్థల లెక్కలు చూసే వృత్తిలో ఉంటూ అలాంటి యువతీ యువకులతో కలిసి పనిచేస్తున్నవాడిగా, ఈ చదువులో ముందుండవలసింది వెనక్కు, వెనకుండవలసింది ముందుకు వచ్చిందని నేను భావిస్తున్నాను. ఆ సంగతి మీ పాఠకుల ముందుంచడానికే ఈ లేఖ.

శిక్షణ కేంద్రాల్లో పాఠం సాధారణంగా సాఫ్ట్‌వేర్ తెర మీద మొదలవుతుంది. పేజీ పైభాగంలో సంస్థ పేరు ఎలా పెట్టాలి, సరుకుల వారీగా గ్రూపులు ఎలా చేయాలి, గ్రూపు చివర మొత్తం ఎలా వేయాలి, రంగుల చార్టు ఎక్కడ అతికించాలి అనేవి చక్కగానే నేర్పుతారు. విద్యార్థి చేసి తెచ్చిన రిపోర్టు చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ, ‘ఈ అడుగున ఉన్న మొత్తం సరైనదని నీకెలా తెలుసు?’ అని అడిగితే, ‘కంప్యూటరే కదండీ లెక్కవేసింది’ అన్న జవాబు తప్ప మరొకటి రాదు. పాత గుమాస్తాలు చిట్టాలోని (రోజువారీ లెక్కల పుస్తకం) పద్దులు ఆవర్జాకు (ఖాతాల పుస్తకం) ఎక్కించాక రెండింటి మొత్తాలూ కలిశాయో లేదో చూడకుండా పుస్తకం మూసేవారు కాదు. రిపోర్టు తయారుచేసేవారికి మొట్టమొదట అలవడవలసినది ఆ పనే. మరొక దారిలో తెలిసిన అంకెతో సరిపోలిన తరువాతే ఏ రిపోర్టయినా యజమాని బల్ల మీదికి వెళ్లాలి.

ఇది చాదస్తంగా తోచవచ్చు కాబట్టి ఒక ఉదాహరణ వివరిస్తాను. కిరాణా హోల్‌సేల్ కొట్టు డేటాబేసులో బిల్లుల పట్టిక ఒకటి, బిల్లులోని సరుకుల పట్టిక మరొకటి ఉంటాయి. తేదీ, ఆసామీ (సరుకు కొనేవారు) పేరు, లారీ కిరాయి మొదటిదానిలో ఉంటాయి. సరుకు, బస్తాలు, ధర రెండోదానిలో ఉంటాయి. ఒక బిల్లులో కందిపప్పు, శనగపప్పు, పంచదార అనే మూడు సరుకులు, 500 రూపాయల కిరాయి ఉన్నాయనుకుందాం. రెండు పట్టికలనూ బిల్లు నంబరు మీద కలిపితే ఆ ఒక్క బిల్లు మూడు వరుసలవుతుంది, ప్రతి వరుసలోనూ 500 కనిపిస్తుంది, కిరాయి మొత్తం 1,500 అని వస్తుంది. సరుకు విలువ మాత్రం సరిగ్గానే వస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. అమ్మకం అంకె సరిపోయింది కాబట్టి పక్క గడిలోని కిరాయి కూడా సరైనదేనని యజమాని నమ్ముతాడు, లారీ కిరాయిలు పెరిగిపోయాయని రవాణా వారితో తగాదా పెట్టుకుంటాడు.

ఈ తప్పు దొరికిన తరువాత నేర్చుకొనేవారు చేసే రెండో తప్పు ఇంకా లోతైనది. ఒకే అంకె మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి మొత్తం వేసేటప్పుడు డిస్టింక్ట్ అన్న మాట చేరిస్తే చాలునని ఎవరో చెబుతారు. అలా చేరిస్తే మన ఉదాహరణలో 500 అనే వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కానీ అదే నెలలో వేరొక ఆసామీకి పంపిన వేరొక బిల్లులో కూడా కిరాయి 500 ఉంటే, ఆ రెండు కిరాయిలనూ కంప్యూటరు ఒకటిగానే లెక్కపెడుతుంది. ముందు ఎక్కువ చూపిన రిపోర్టు ఇప్పుడు తక్కువ చూపుతుంది. సరుకుల విలువను ముందుగా బిల్లు వారీగా కూడి, ఒక్కో బిల్లును ఒక్కో వరుసగా చేసుకొని, ఆ తరువాతే బిల్లుల పట్టికతో కలపడం సరైన పద్ధతి. ‘ఈ పట్టికలో ఒక వరుస అంటే ఏమిటి? ఒక బిల్లా, ఒక సరుకా, ఒక చెల్లింపా?’ అన్న ప్రశ్న వేసుకొన్నవారికి ఇది తేలికగానే అర్థమవుతుంది. ఆ ప్రశ్న వేయని కోర్సు ఎన్ని వారాలు సాగినా ప్రయోజనం స్వల్పమే.

రెండో సంగతి, లేనివారిని చూపించడం. కొట్టు యజమాని నిజంగా అడిగే ప్రశ్న ఎవరు ఎంత కొన్నారన్నది కాదు, అది అతనికి నోటికే వచ్చు. ‘మూడు నెలలుగా మన గుమ్మం తొక్కని ఆసామీలు ఎవరు?’ అని అడుగుతాడు. ఆసామీల పట్టికనూ బిల్లుల పట్టికనూ మామూలుగా కలిపితే బిల్లు ఉన్నవారే మిగులుతారు, అడిగినవారు జాబితాలోనే ఉండరు. దీనికి లెఫ్ట్ జాయిన్ (రెండో పట్టికలో జోడీ లేకపోయినా మొదటి పట్టికలోని వరుసలన్నిటినీ ఉంచే కలయిక) వాడాలని ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకం చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అయితే దానిని వాడుతూనే మూడు నెలల తేదీ షరతును వేర్ భాగంలో, అంటే కలిపిన తరువాత వరుసలను వడపోసేచోట రాస్తారు. బిల్లు లేని ఆసామీకి తేదీ కూడా ఉండదు, లేని తేదీ ఏ షరతుకూ నిలవదు, కాబట్టి ఆ ఆసామీ మళ్లీ మాయమవుతాడు. తేదీ షరతును పట్టికలు కలిపేచోట, అంటే ఆన్ భాగంలో రాసి, ఆపైన బిల్లు నంబరు ఖాళీగా ఉన్న వరుసలను ఏరుకోవాలి. ఇదంతా ఒక్క వాక్యం స్థానం మార్చడమే అయినా, విద్యార్థి చేతితో పది మంది ఆసామీల పేర్లు, వారి బిల్లులు కాగితం మీద రాసుకొని చూస్తే తప్ప మనసుకు ఎక్కదు.

తేదీల విషయం క్లుప్తంగా చెబుతాను. బిల్లింగ్ యంత్రాలు తేదీతో పాటు సమయాన్నీ నమోదు చేస్తాయి. మార్చి 1 నుంచి మార్చి 31 వరకు అని బిట్వీన్‌తో అడిగితే 31వ తేదీ మొదలైన అర్ధరాత్రి క్షణం దగ్గరే లెక్క ఆగిపోతుంది, ఆ రోజు పగలంతా జరిగిన అమ్మకం జారిపోతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజు అదే కావడం వల్ల నష్టం చిన్నది కాదు. మార్చి 1 మొదలుకొని, ఏప్రిల్ 1 కంటే ముందు అని రాయడం క్షేమం. త్రైమాసికం చూపమంటే చాలా సాధనాలు జనవరి నుంచే లెక్క మొదలుపెడతాయన్నది కూడా ఏప్రిల్ నుంచి లెక్క నడిపే మన వ్యాపారులకు రిపోర్టులు చేసేవారు గుర్తుంచుకోవాలి.

ఇక మా సరిహద్దు ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. దానిని హైదరాబాదులో తయారైన పాఠ్యప్రణాళిక పట్టించుకోదు. బరంపురం హోల్‌సేల్ వ్యాపారికి ఒకవైపు ఛత్రపురం, హింజిలి, దిగపహండి ఆసామీలు, మరోవైపు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ఆసామీలు ఉంటారు. 2017 జులై 1 నుంచి జీఎస్‌టీ అమలులోకి వచ్చాక, ఒడిశాలోపలి అమ్మకానికి సీజీఎస్‌టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) రెండూ, ఆంధ్రప్రదేశ్‌లోని వ్యాపారికి పంపిన సరుకుకు ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం పన్ను) వేరువేరుగా చూపవలసి ఉంటుంది. నెలనెలా రిటర్ను వేసేవారు అమ్మకాల వివరాలు చూపే జీఎస్‌టీఆర్-1ను తరువాతి నెల 11వ తేదీలోగా సమర్పించాలి. అందువల్ల ఇక్కడ రాష్ట్రాల వారీ అమ్మకాల రిపోర్టు ప్రతి నెలా అవసరమయ్యేదే. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి, గుణుపురం నుంచి పార్వతీపురానికి సరుకు పంపేవారి పరిస్థితీ ఇదే.

ఆ రిపోర్టును ఊరి పేరు మీద గ్రూపు చేస్తే ఏమవుతుందో చూడండి. ఒకే ఊరిని ఒక గుమాస్తా బరంపురం అని, మరొకరు బెర్హంపూర్ అని, ఇంకొకరు ప్రభుత్వ కాగితాల్లో ఉన్నట్టు బ్రహ్మపూర్ అని నమోదు చేసి ఉంటారు. రిపోర్టులో మూడు ఊళ్లు, మూడు ఉపమొత్తాలు వస్తాయి. పశ్చిమ బెంగాల్ ముర్షీదాబాద్ జిల్లాలో ఇంచుమించు ఇదే పేరుతో మరో పట్టణం ఉన్నది కాబట్టి, పట్టు చీరల వ్యాపారుల జాబితాలో ఆ ఊరు కూడా వచ్చి ఇందులోనే కలిసిపోగలదు. ఊరికి ఒక కోడ్ ఇచ్చి, పిన్ కోడ్‌తో దానిని ధ్రువీకరించుకోవడం నేర్పాలి. పన్ను కోసం బిల్లులోని సరఫరా స్థలాన్ని ఆధారంగా తీసుకొని, ఆసామీ జీఎస్‌టీ నంబరులోని తొలి రెండంకెలతో సరిచూసుకోవాలి. ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37 అన్నవి మా ఊరి గుమాస్తాలకు కంఠస్థమే. ఈ రెండూ కలవని బిల్లుల జాబితా తీసే చిన్న రిపోర్టు ఒకటి విద్యార్థి చేత ముందుగా చేయిస్తే, రంగుల చార్టులు పది చేయించినదానికంటే మేలు. ఆ జాబితా ఖాళీగానైనా రావాలి, వచ్చిన ప్రతి బిల్లుకూ కారణమైనా తెలిసి ఉండాలి.

తెలుగు, ఒడియా పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోతున్నాయని కొందరు వాపోతుంటారు. మైక్రోసాఫ్ట్ డేటాబేసు అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ గడిని ఎన్‌వార్‌చార్‌గా (ఏ భాష అక్షరాలనైనా దాచే రకంగా) పెట్టి, పేరును నేరుగా ఆదేశంలో రాసేటప్పుడు దాని ముందు ఎన్ అక్షరం చేర్చితే ఆ బాధ ఉండదు. అంకెలను 12,34,567 అని లక్షల పద్ధతిలో చూపించడం కూడా అమరికలోనిదే. ఇవి గంటలో నేర్చుకోగలిగినవి, వీటి కోసం కోర్సు అక్కరలేదు.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న ప్రశ్న తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతారు. క్రిస్టల్ రిపోర్ట్స్ చేతులు మారుతూ వచ్చింది. దానిని నడిపిన క్రిస్టల్ డెసిషన్స్‌ను 2003లో బిజినెస్ ఆబ్జెక్ట్స్ కొన్నది, ఆ బిజినెస్ ఆబ్జెక్ట్స్ 2008లో ఎస్‌ఏపీ చేతికి వెళ్లింది. మైక్రోసాఫ్ట్ 2004లో తెచ్చిన రిపోర్టింగ్ సర్వీసెస్‌కు 2022 తరువాత కొత్త విడుదల లేదు. ఆ స్థానాన్ని పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్ తీసుకొంటోంది. వీటన్నిటి అడుగున ఉన్న ఎస్‌క్యూఎల్ మాత్రం, 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన పట్టికల పద్ధతి మీద ఐబీఎంలో 1974 నాటికి రూపుదిద్దుకొని, 1986లో అమెరికా ప్రామాణిక సంస్థ ఆమోదం పొంది, నేటికీ అదే పునాదితో నిలిచి ఉన్నది. ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితం ముందున్న పిల్లవాడు రుసుములో ఎక్కువ భాగం దేని మీద పెట్టాలో దీనిని బట్టి నిర్ణయించుకోవచ్చు. పైగా పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, జాస్పర్ రిపోర్ట్స్ అనే రిపోర్టు సాధనం వంటివి ఉచితంగా దొరుకుతాయి. పవర్ బీఐ డెస్క్‌టాప్‌కూ, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కూ కూడా డబ్బు కట్టనవసరం లేదు. సాఫ్ట్‌వేర్ ఖరీదు పేరు చెప్పి వేలకు వేలు వసూలు చేయడం న్యాయం కాదు.

వ్యాపారులు కూడా ఇందులో ఒక చేయి వేయవలసి ఉన్నది. నేర్చుకొనేవారికి అసలు డేటాబేసు తాళం ఇవ్వమని ఎవరూ కోరరు. పాత సంవత్సరపు లెక్కల నకలు తీసి, ఆసామీల పేర్లు, ఫోన్ నంబర్లు తొలగించి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఖాతాతో ఇస్తే చాలు. ఆ సంవత్సరానికి ఆడిటరు సంతకం చేసిన అంకెలు కొట్టులో ఉంటాయి కాబట్టి, విద్యార్థి తన రిపోర్టును దేనితో సరిచూసుకోవాలన్న సమస్య కూడా తీరుతుంది. శిక్షణ కేంద్రాల్లో వాడే నమూనా డేటాబేసుల్లో డాలర్ల ధరలు, సైకిళ్ల అమ్మకాలు ఉంటాయే తప్ప బస్తాలు, కిరాయిలు, బాకీలు కనిపించవు.

మీ పత్రికకు ఒక వినతి. విద్య, ఉద్యోగాల పేజీలో వారానికి అరకాలమ్ స్థలం కేటాయించి, ఒక్కో వారం ఒక్కో వ్యాపార ప్రశ్నను, దానికి కావలసిన పట్టికలను, రాదగిన జవాబును తెలుగులో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడి పిల్లల్లో చాలామంది బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదివినా, ఇంట్లో జమాఖర్చుల మాటలు తెలుగులోనే విన్నవారు. జవాబును మాత్రం మరుసటి వారమే వేయండి.

శిక్షణ కేంద్రాలు సర్టిఫికెట్ ఇచ్చే ముందు పెట్టే పరీక్షను కూడా మార్చాలి. ఒక నెల బిల్లుల కట్టను కాగితం మీద, అదే నెల డేటాబేసును కంప్యూటరులో ఇచ్చి, డేటాబేసులో రెండు మూడు తప్పులు కావాలనే దాచాలి. ఒక బిల్లు రెండుసార్లు ఎక్కించి ఉండవచ్చు, ఒక ఊరి పేరు తప్పుగా ఉండవచ్చు, ఒక తేదీలో నెల, రోజు తారుమారై ఉండవచ్చు. విద్యార్థి కాగితాల మొత్తానికీ రిపోర్టు మొత్తానికీ తేడా ఎంతో రాసి, ఆ తేడా ఏయే బిల్లుల వల్ల వచ్చిందో పేరుపేరునా చూపించాలి. రిపోర్టు అందానికి మార్కులు వేయదలచుకొంటే ఆ తరువాత వేసుకోవచ్చు.

ఇట్లు,
లెక్కల వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.